మొదటి చూపులోనే మనిషి అర్థమైపోతాడా?

"ఎదుటి మనిషిని మొదటిసారి చూసినప్పుడే అంచనా కట్టగలమా?" అని అడిగారు. నాకైతే చేతకాదు. మా అప్ప (అదే, అక్క) పెళ్లిచూపుల్లో ఆ సంగతి తేలిపోయింది.

మాది శ్రీకాకుళం, వాళ్లది విజయనగరం. మధ్యవర్తి ముందురోజే నా చెవిన వేశాడు: "అబ్బాయి బంగారం, కాకపోతే కాస్త పొగరు." ఆ ఒక్క ముక్క చాలదూ! పైగా మార్చి నెలాఖరు. నాది బ్యాంకు పని. ఆదివారం కూడా వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. (సెలవు రోజు "అర్జెంట్" అని పెట్టేవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి.) ఒక కన్ను ఫోను మీద, ఒక కన్ను పెళ్లికొడుకు మీద.

అమ్మ పలాస జీడిపప్పు దండిగా వేసి పకోడీ చేసింది. ఆయన ముట్టలేదు. ఏమడిగినా "ఊఁ", "ఆఁ". నవ్వినా సగం నవ్వే. పొగరే, అనుకుని మళ్లీ ఫోనులోకి పోయాను.

వాళ్ల కారు వీధి మలుపు తిరక్కముందే నేను తీర్పు చెప్పేశాను. మా మామ్మకి ఒక కంటికే శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది మసకే. ఆవిడ అంది కదా, "ఏటిరా బావు, ఆ గుంటడి బుగ్గ బూరెలా వాసిపోనాది, నీకు అగుపడనేదా?" ఆరా తీస్తే, ముందురోజే జ్ఞానదంతం పీకించుకున్నాడట. మూఢం వచ్చేస్తోందని పెద్దవాళ్లు వాయిదా వెయ్యనివ్వలేదు.

1988లో డేనియల్ గిల్బర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చేసిన ప్రయోగం గురించి తర్వాత చదివాను. ఒకావిడ కంగారుపడుతున్న వీడియోని మాటలు వినపడకుండా చూపించారు. ఇబ్బందిపెట్టే విషయాలు మాట్లాడిస్తున్నారని తెలిసినా, బుర్రకి ఇంకో పని తగిలించినవాళ్లు మాత్రం ఆవిడ స్వభావమే కంగారన్నారట. అచ్చం నేనే! అసలు నన్నడిగితే పెళ్లిచూపులకి ఫోన్లు గుమ్మం బయట చెప్పుల పక్కన పెట్టించాలి. మధ్యవర్తుల్ని కూడా అక్కడే కూర్చోబెట్టాలి.

ఇప్పుడు మా ఇంట్లో పకోడీ వేస్తే మొదటి ప్లేటు బావకే. ఆ మధ్యవర్తి మొన్న మా పిన్ని కొడుక్కి సంబంధం తెచ్చాడు. "పిల్ల లక్షణంగా ఉంటుంది, కాకపోతే కాస్త నోరెక్కువ" అన్నాడు.