కొరివిదయ్యమా, నక్కనిప్పా?

సందేహం: జపాన్ జానపద కథల్లో రాత్రిపూట అడవుల్లో కనిపించే వింత వెలుగుల్ని ‘కిత్సునెబి’ అంటారట. వాటిని ఊహించి చేసిన ఒక గాజు బొమ్మను పరిచయం చేస్తూ ‘కొరివిదయ్యాల గాజు శిల్పం’ అని రాశాను. ఊది చేసినదాన్ని శిల్పం అనకూడదని ఒక మిత్రుడు, కొరివిదయ్యం ఇక్కడ పొసగదని మరొకరు అన్నారు. ఎవరి మాట సరైనది?

సమాధానం: మొదటి అభ్యంతరం నిలవదు. శిల్పమంటే చేతి నేర్పుతో చేసిన పని. కథాశిల్పం అంటున్నాం, కథను ఉలితో చెక్కం కదా! జాగ్రత్త పడాల్సింది క్రియ దగ్గర. రాయిని చెక్కుతారు, కంచును పోత పోస్తారు, కరిగిన గాజును గొట్టంతో ఊదుతారు. కాబట్టి ఊదిన బొమ్మను ‘చెక్కారు’ అనకండి. ‘గాజుల శిల్పం’ అని కూడా వద్దు, చదివేవాళ్ళకి చేతి గాజులు గుర్తొస్తాయి. జపాన్‌లోనూ ఇలాంటి జంట ఉంది: గాజు పదార్థం ‘గరసు’, డచ్చివారి నుంచి వచ్చింది, తాగే గ్లాసు ‘గురసు’, ఇంగ్లీషు నుంచి వచ్చింది.

రెండో మిత్రుడి మాట నిజం. కిత్సునె అంటే నక్క, హి అంటే నిప్పు. సమాసంలో ‘హి’ కాస్తా ‘బి’ అయింది, మనకు అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములైనట్టు. ఈ నిప్పును రాజేసేది దయ్యం కాదు, నక్క. అది పైరుపంటల దేవత ఇనారికి దూత. ఏడాది చివరి రాత్రి ఎడో నగరం (ఇప్పటి టోక్యో) దగ్గరి ఓజిలో ఒక పెద్ద చెట్టు కింద నక్కలు చేరేవనీ, వాటి నిప్పుల్ని లెక్కపెట్టి రైతులు రాబోయే పంటను అంచనా వేసేవారనీ చెబుతారు. చిత్రకారుడు హిరోషిగె 1857లో ఆ దృశ్యాన్నే ముద్రాచిత్రంగా వేశాడు. శ్మశానం వైపు కొరివి పట్టుకుని తిరిగి మనల్ని హడలగొట్టే దయ్యానికీ దీనికీ పోలికెక్కడ? జపాన్‌వాళ్ళకే ‘ఒనిబి’ అని ఇంకో మాట ఉంది, దయ్యపు నిప్పు అని. కొరివిదయ్యాన్ని దానికోసం దాచుకోండి.

మీ వాక్యం ‘కిత్సునెబి (నక్కనిప్పు) ఊహతో ఊదిన గాజు శిల్పం’ అంటే చాలు. నిక్కచ్చిగా చూస్తే ఆ జంతువు గుంటనక్కే, కానీ ఆ మాట మనకు తిట్టుగా స్థిరపడిపోయింది. నక్క అనే ఉంచేద్దాం.

ఆ వెలుగులు బారులు తీరి సాగితే ‘కిత్సునె నో యొమెఇరి’, అంటే నక్క పెళ్ళి ఊరేగింపు అంటారు. ఎండలో వాన పడినా అదే పేరు! మన పిల్లలు ‘ఎండా వానా, కుక్కకీ నక్కకీ పెళ్ళి’ అని గెంతులేస్తారు చూడండి, ఇంచుమించు అదే. అక్కడ పెళ్ళికొడుకు కూడా నక్కే, మనవాళ్ళు మాత్రం కుక్క సంబంధం కుదిర్చారు.