48 ఏళ్లు మరుగున పడ్డ కార్నెగీ హాల్ జాజ్ టేపు అంత శుభ్రంగా ఎలా వినిపిస్తోంది? మా ఇంట్లోని పాత రీళ్లు కూడా అలా దక్కుతాయా?

మీ ప్రశ్నకు సూటి జవాబు: ఆ టేపు బాగుచేయడం వల్ల అంత బాగా లేదు, మొదటే బాగా రికార్డు చేశారు కాబట్టి బాగుంది. ఈ తేడా తెలిస్తే మీ 1970ల నాటి రీళ్ల మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో, వాటిని ఏం చేయకూడదో తేలుతుంది. రీళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

1957 నవంబర్ 29, శుక్రవారం. హార్లెమ్‌లోని మార్నింగ్‌సైడ్ కమ్యూనిటీ సెంటర్‌కు నిధుల కోసం న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పెట్టిన కచేరీ అది. బిల్లీ హాలిడే, డిజ్జీ గిలెస్పీ, రే చార్ల్స్, సోనీ రోలిన్స్ అందరూ ఆ రాత్రి అక్కడే ఉన్నారు. పియానో మీద థెలోనియస్ మంక్, టెనర్ శాక్సఫోన్ మీద జాన్ కోల్‌ట్రేన్, బేస్ అహ్మద్ అబ్దుల్ మాలిక్, డ్రమ్స్ షాడో విల్సన్. ఈ నలుగురూ రెండు దఫాలు వాయించారు. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో దాన్ని మోనోలో, అంటే ఒకే చానల్‌లో, రికార్డు చేసుకుంది.

2005 జనవరిలో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో అక్కడి ఉద్యోగి ల్యారీ ఆపెల్‌బామ్ ఆ రేడియో టేపులను డిజిటల్ చేసే పనిలో ఉండగా, ‘కార్నెగీ హాల్ జాజ్ 1957’ అన్న పెట్టెలు కొన్ని చేతికొచ్చాయి. ఒకదాని వెనక ‘టి. మంక్’ అని చేతిరాత, కొన్ని పాటల పేర్లు. టేపు ఎక్కించి వింటే గానీ శాక్సఫోన్ ఎవరిదో తెలియలేదు. అంటే అది పోయిన టేపు కాదు. పెట్టె మీద సరైన వివరం లేక ఎవరూ వెతుక్కోలేకపోయిన టేపు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బ్లూ నోట్ సంస్థ విడుదల చేసింది.

జాజ్ అభిమానులు ఎందుకంత పొంగిపోయారంటే, 1957 రెండో సగమంతా మంక్, కోల్‌ట్రేన్ ఇద్దరూ ఫైవ్ స్పాట్ అనే క్లబ్బులో కలిసి వాయించినా, ఆ జట్టుకు మిగిలింది స్టూడియోలో చేసిన మూడు పాటలే. 1993లో ఒక ఫైవ్ స్పాట్ టేపు బయటికొచ్చింది కానీ అది కోల్‌ట్రేన్ భార్య ఇంటి రికార్డర్‌తో పట్టుకున్నది, మసకగా ఉంటుంది, పైగా 1958 నాటిది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. రెండింటి మధ్య ఏడాది కూడా తేడా లేదు. తేడా అంతా మైకులో, యంత్రంలో, రికార్డు చేసిన చేతిలో ఉంది. కార్నెగీ టేపులో మొదటి పాట ‘మంక్స్ మూడ్’లో పియానో తీగల మోత ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. అలాంటి నాదం టేపు మీద లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

ఇక మీ రీళ్లు. ప్లేయర్‌లో పెట్టకముందే అది ఏ రకం ప్లాస్టిక్‌తో చేసిన టేపో చూడండి. రీలును దీపానికి అడ్డంగా పట్టుకుంటే చుట్టలోంచి వెలుతురు కనబడితే ఎసిటేట్, నల్లగా ఉంటే పాలియెస్టర్. కార్నెగీ రీళ్లు ఎసిటేట్‌వే. ఎసిటేట్ ఎండి పెళుసవుతుంది, తెగుతుంది, కానీ సాగదు. శుభ్రంగా తెగుతుంది కనుక స్ప్లైసింగ్ టేపుతో అతికిస్తే శబ్దం పోదు. పాలియెస్టర్ తెగేముందు సాగుతుంది, సాగిన చోట సంగీతం పోయినట్టే. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఎసిటేట్ కుళ్లడం మొదలైందని అర్థం. ఆ ఆవిరి పక్క రీళ్లను కూడా పాడుచేస్తుంది, కాబట్టి దాన్ని వేరుగా ఉంచి ముందుగా అదే ఎక్కించండి. తేమ, వేడి రెండూ ఉన్న చోట ఇది తొందరగా వస్తుంది. కోస్తా ఊళ్లలో అటక మీద దాచినవైతే బూజు కూడా చూసుకోండి. బూజు పట్టిన రీలును ఇంట్లో తిప్పొద్దు.

1970ల, 80ల పాలియెస్టర్ టేపుల్లో కొన్ని జిగురుగా మారతాయి. హెడ్ (టేపు రాసుకుంటూ పోయే, శబ్దాన్ని చదివే భాగం) దగ్గర కీచుమని, గోధుమరంగు మడ్డి వదిలితే వెంటనే ఆపేయండి. వీటిని 50 నుంచి 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది గంటలో, అంతకన్నా ఎక్కువో సమానంగా వేడిచేస్తే కొన్ని వారాలు ఆడతాయి. వంటింటి ఓవెన్ వాడకండి, దాని వేడి ఒకచోట నిలవదు. ఎసిటేట్‌ను మాత్రం ఎప్పుడూ వేడిచేయకూడదు. అందులో మిగిలిన కాస్త తేమ పోయి ముక్కలవుతుంది. నెట్‌లో ‘పాత టేపులన్నీ బేక్ చేయండి’ అనే సలహా వల్ల చాలా మంచి రీళ్లు నాశనమవుతున్నాయి.

డెక్ (రీలు ప్లేయర్) హెడ్‌ను, టేపును దారిలో పెట్టే గైడ్లను ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక, ఫాస్ట్ ఫార్వర్డ్ జోలికి పోకుండా నేరుగా కంప్యూటర్‌లోకి రికార్డు చేస్తూనే ప్లే చేయండి. పాత టేపుకు మొదటి ప్లేయే చివరిదీ కావచ్చు. ఇంటి రికార్డర్లు ఎక్కువగా టేపును రెండు దిశల్లోనూ, పక్కపక్క గీతల్లా (ట్రాకులు) రాస్తాయి. వెనకనుంచి తిరగబడ్డ మాటలు వినిపిస్తే మీ హెడ్, టేపు ట్రాకులు కలవలేదన్నమాట, నాలుగు ట్రాకుల డెక్ వెతకండి. తర్వాత అజిమత్, అంటే టేపుకు హెడ్ ఎంత నిటారుగా ఉందో ఆ కోణం. చిన్న స్క్రూను మెల్లగా తిప్పుతూ సింబల్స్ (డ్రమ్స్ మీది ఇత్తడి పళ్లేలు), తాళాలు ఎక్కడ బాగా మెరుస్తాయో అక్కడ ఆపాలి. ఇది సరిచేయకుండా మోనో టేపును స్టీరియో హెడ్ మీద ఆడించి రెండు చానళ్లనూ కలిపేస్తే పైస్థాయి శబ్దం కొట్టుకుపోతుంది. ‘పాత టేపు కదా, అలాగే ఉంటుంది’ అనుకునే మసక చాలావరకు ఇదే.

వేగం మీద అనుమానముంటే కరెంటు హమ్, అంటే రికార్డింగులో వినిపించే కరెంటు గుయ్‌మనే మోత, చూడండి. మన దేశంలో కరెంటుతో నడిచే యంత్రంతో రికార్డు చేసినదైతే అది 50 హెర్ట్జ్ దగ్గరో దాని రెట్టింపు దగ్గరో ఉండాలి, అమెరికాదైతే 60. అక్కడ లేకపోతే శ్రుతి కూడా అంతే మేర తప్పి ఉంటుంది.

24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫైలుగా తీయండి. మోనో అయితే గంటకు సుమారు ఒక జీబీ. లెవెల్ పెద్ద శబ్దాల దగ్గర మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. ఈ ఫైలులో హిస్ (టేపు బుస శబ్దం) తీయకండి, ఏదీ కత్తిరించకండి. శుభ్రం చేయాలనిపిస్తే కాపీ మీద చేసుకోండి, అదీ కొద్దిగానే: హిస్ పూర్తిగా పోయేసరికి తంబురా, తాళం మోత, హాలు ప్రతిధ్వని కూడా పోతాయి. కార్నెగీ ఆల్బమ్‌లో చివరి ‘ఎపిస్ట్రఫీ’ సగంలోనే ఆగిపోతుంది, అసంపూర్ణమని రాసే విడుదల చేశారు. మీ రీలులోనూ కచేరీ మధ్యలో తెగితే తెగినట్టే ఉంచండి.

ఎక్కించాక రీలు పారేయకండి. వెనక్కి చుట్టకుండా, చివర పైకి ఉన్నట్టే దాచండి. ఫైలు పేరులోనూ, పెట్టె మీద పెన్సిల్‌తోనూ తేదీ, ఊరు, సందర్భం, ప్రధాన కళాకారుడితో పాటు పక్కవాద్యాల వాళ్ల పేర్లు కూడా రాయండి.