మైలుతుత్తం నోట్లో పెట్టుకున్న పిల్లవాడికి ముప్పుంటుందా? రైతు చేతులు పగలడానికి కారణమేమిటి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు ప్రాంతం. నాకు 52 ఏళ్ళు. మూడెకరాల నిమ్మతోట ఉంది. బంక తెగులు రాకుండా చెట్ల మొదళ్ళకు బోర్డో పేస్టు పూస్తాను, గజ్జి తెగులుకు బోర్డో మిశ్రమం పిచికారీ చేస్తాను. వాటికోసం మైలుతుత్తం (అంటే రాగి సల్ఫేట్) నానబెట్టడం, సున్నం కలపడం అన్నీ ఒట్టి చేతులతోనే. ఈసారి చేతులు దురదపెట్టి వేళ్ళ సందుల్లో చర్మం పగిలింది. పిచికారీ చేసిన సాయంత్రం నోరంతా ఇత్తడి చెంబు నాకినట్లుగా ఉండి, వికారం పెడుతోంది. ఇదిగాక, పది రోజుల కిందట నాలుగేళ్ళ మా మనవడు వసారాలోని సంచిలోంచి శనగగింజంత నీలం పలుకు తీసి, కలకండ అనుకుని నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు. మా ఆవిడ నోరు కడిగింది. ఒక్కసారి వాంతయింది, ఆ తర్వాత మామూలుగానే ఆడుకుంటున్నాడు. ఇకముందు ఏమైనా అవుతుందా? పుండ్లకు మైలుతుత్తం మంచిదని మా పెద్దలు అంటారు. పశువుల గిట్టలకు వాడుతూనే ఉన్నాం. మనుషులకు వాడవచ్చా?

జవాబు: ముందు మీ మనవడి సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు భయం అదేనని అర్థమవుతోంది. మైలుతుత్తం కడుపులోకి వెళ్ళినప్పుడు దాని ప్రభావం మొదటి నాలుగైదు రోజుల్లోనే బయటపడుతుంది. పది రోజులు గడిచాయి, పిల్లవాడు తింటున్నాడు, ఆడుతున్నాడు కాబట్టి పెద్ద ముప్పు దాటిపోయిందనే అనుకోవచ్చు. ఆ రోజుల్లో మూత్రం ముదురు రంగులో వచ్చిందా, కళ్ళు పచ్చబడ్డాయా అని ఇంట్లో ఆడవాళ్ళను ఒకసారి అడగండి. అలాంటివేవీ లేవని చెబితే మందులేమీ అక్కర్లేదు. అయినా మనసు కుదుటపడడానికి దగ్గరలోని పిల్లల వైద్యుడికి చూపించి, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), కాలేయ పరీక్షలు ఒకసారి చేయించడంలో తప్పులేదు.

ఇక్కడ ఒక విషయాన్ని కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. శనగగింజంత పలుకు అర గ్రాము దగ్గర తూగుతుంది. మైలుతుత్తం బరువులో నాలుగో వంతు రాగి, మిగిలినది సల్ఫేటు, స్ఫటికంలో ఇమిడిన నీరు. అంటే ఆ చిన్న పలుకులోనే 120 మిల్లీగ్రాములకు పైగా రాగి ఉంటుంది. పెద్దవాళ్ళ శరీరానికి రోజుకు కావలసిన రాగి ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే. అది పూర్తిగా కరిగి పిల్లవాడి కడుపులోకి వెళ్ళి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. అతన్ని కాపాడింది ఆ పదార్థపు రుచే. నాలుకకు తగలగానే వగరుగా, లోహపు వాసనతో తిప్పికొడుతుంది, కడుపులో పడితే నిమిషాల్లోనే వాంతి తెప్పిస్తుంది. ఒకప్పుడు విషం మింగినవారికి వాంతి చేయించడానికి వైద్యులే దీన్ని ఇచ్చేవారు. వాంతి చేయించబోయి మరో విషం ఎక్కిస్తున్నామని తెలిశాక ఆ పద్ధతిని మానుకున్నారు.

మైలుతుత్తం మింగిన మనిషిలో మొదట కనిపించేది కడుపుమంట, నీలం ఆకుపచ్చ కలగలిసిన రంగులో వాంతి, విరేచనాలు. కొన్ని గంటల్లో అవి తగ్గుముఖం పడతాయి. రోగి లేచి కూర్చుని మంచినీళ్ళు అడుగుతాడు. గండం గడిచిందనుకుని బంధువులు ఇంటికి తీసుకువెళ్ళిపోయేది సరిగ్గా ఈ ఘట్టంలోనే, నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేదీ ఇక్కడే. ఎందుకంటే అప్పటికి రక్తంలో చేరిన రాగి ఎర్ర రక్తకణాల్లోకి చొచ్చుకుపోయి, ఒకటి రెండు రోజుల్లో వాటిని పగలగొట్టడం మొదలుపెడుతుంది. పగిలిన కణాల్లోని రంగు పదార్థం మూత్రంలోకి దిగి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. కళ్ళు పచ్చబడతాయి. ఆ వెనకాలే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని మూత్రం తగ్గిపోతుంది. కొందరిలో హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారిపోయి, పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి. రక్తం తీస్తే చాక్లెట్ రంగులో ఉంటుంది, ఆక్సిజన్ పెట్టినా వేలికి తగిలించిన పరికరంలో అంకె పెరగదు. అందుకే మైలుతుత్తం మింగినవారిని, వాంతి తగ్గినా సరే, డాక్టరు చాలనేవరకు ఆసుపత్రిలోనే ఉంచాలి.

ఎవరైనా మింగినట్లు తెలిస్తే నోరు కడిగించి, మిగిలిన పొడినో సంచినో వెంట పెట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఊళ్ళలో ఇప్పటికీ ఉప్పునీళ్ళు తాగించడం, పేడనీళ్ళు పోయడం, గొంతులో వేలు పెట్టి కక్కించడం చూస్తున్నాం. ఇవేవీ చేయకూడదు. మైలుతుత్తం ఆహారనాళాన్ని కొరికే పదార్థం కాబట్టి రెండోసారి పైకి వస్తే రెండోసారి పుండు చేస్తుంది, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే అది మరో గండం. చింతపండు రసం, నిమ్మరసం వంటి పులుపులు అసలు పోయవద్దు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీపగలూ సలహా ఇస్తుంది, మీకైనా, మీ ఊరి డాక్టరుకైనా. ఆసుపత్రిలో సెలైన్లు, అవసరమైతే రక్తం, రాగిని బయటకు లాగే డి-పెనిసిల్లమైన్ వంటి మందులు, నీలిమ ఉన్నవారికి మిథిలిన్ బ్లూ, మూత్రపిండాలు మొరాయిస్తే డయాలసిస్ ఉంటాయి. దీన్ని మింగి మా దగ్గరకు వచ్చేవారిలో పొరపాటున మింగినవారు కొద్దిమందే. పెద్దవాళ్ళలో ఎక్కువమంది కష్టంలోనో కోపంలోనో చేతికందింది కదా అని మింగినవారే. అటువంటి ఆలోచనలు ఉన్నవారు మీ ఇంట్లోగానీ చుట్టుపక్కలగానీ ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఇంట్లో ఈ పదార్థం ఉంచకపోవడం అంతకన్నా ముందు చేయవలసిన పని.

ఇక మీ చేతుల విషయం. మీరు మైలుతుత్తాన్ని అనుమానిస్తున్నారు గానీ, వేళ్ళ సందుల్లో చర్మం పగలడానికి ఎక్కువ కారణం సున్నమేనని నా అంచనా. తడిపిన సున్నం తీవ్రమైన క్షారం. చర్మం మీది జిడ్డును కరిగించి, పొరను మెత్తబరచి, పగుళ్ళు తెస్తుంది. ఆ పగుళ్ళలోకి మైలుతుత్తం నీళ్ళు దిగినప్పుడు మంట, దురద మొదలవుతాయి. మైలుతుత్తం నీళ్ళకు స్వతహాగా ఆమ్ల గుణం ఉంటుంది. చర్మం బాగున్న చోట అది పెద్దగా లోపలికి పోదు. పగిలిన చోట, పుండైన చోట, ముఖ్యంగా కంట్లో పడితే మాత్రం ఊరుకోదు. కంట్లో మైలుతుత్తం గానీ సున్నం గానీ పడితే, డాక్టరు కోసం పరుగెత్తడానికి ముందే, రెప్పలు విడదీసి పట్టుకుని కనీసం 15 నుంచి 20 నిమిషాలు ధారగా మంచినీళ్ళు పోయాలి. రెండిటిలో సున్నమే కంటిని ఎక్కువ లోతుకు కాలుస్తుందన్న సంగతి మన రైతుల్లో చాలామందికి తెలియదు.

సాయంత్రం పూట నోట్లో ఇత్తడి రుచి, వికారం ఉన్నాయంటే తుంపరలు మీ నోట్లోకి, ముక్కులోకి పోతున్నాయనో, కడగని చేతులతో బీడీయో తాంబూలమో నోట్లో పెట్టుకుంటున్నారనో అర్థం. ఒకటి రెండు రోజుల్లో పోయే బాధే అయినా ఏటా జరిగితే మంచిది కాదు. పోర్చుగల్‌లో ఏళ్ళ తరబడి ద్రాక్షతోటలకు బోర్డో మిశ్రమం కొట్టిన కూలీల ఊపిరితిత్తుల్లో రాగి పేరుకుని గడ్డలు, మచ్చలు కట్టడాన్ని అక్కడి వైద్యులు 1969లో గుర్తించారు. వైద్య గ్రంథాల్లో ఆ జబ్బుకు ద్రాక్షతోట పిచికారీదారుల ఊపిరితిత్తి అనే అర్థంలో పేరు కూడా ఉంది. మీకు పొడిదగ్గు గానీ, మెట్లెక్కితే ఆయాసం గానీ ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించండి, తీసేటప్పుడు మీరు చేసే పని డాక్టరుకు చెప్పండి. చెప్పకపోతే మా ఆలోచన నేరుగా క్షయ మీదికి పోతుంది.

ఈ మిశ్రమం పుట్టిందే చేయి పడకుండా చూసుకోవడానికి. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో దారిన పోయేవాళ్ళు ద్రాక్షపళ్ళు కోసుకుపోకుండా, రోడ్డు పక్క వరుసలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారట. ఆ వరుసలకే తెగులు రాలేదని గమనించిన మిల్లార్డే అనే శాస్త్రవేత్త 1885లో దాన్ని మందుగా ప్రకటించాడు. మనుషులు తినకుండా భయపెట్టడానికి చల్లిన పదార్థాన్ని మనం ఒట్టి చేతులతో కలుపుతున్నాం!

కలిపే పద్ధతి మీకు తెలిసినదే. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. వైద్యుడిగా నేను అడిగేది కొన్ని మార్పులే. పలుకులను రోట్లో దంచవద్దు, దంచితే లేచే దుమ్మే ముక్కులోకి పోతుంది. పాత గుడ్డలో మూటకట్టి ముందురోజు రాత్రి ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళ పైభాగాన వేలాడదీస్తే, తెల్లారేసరికి దానంతటదే కరిగి కిందికి దిగుతుంది. ఇనుప బకెట్టు, రేకు డబ్బా పనికిరావు, ఎందుకంటే ఇనుము కరిగి ఆ చోట రాగి వచ్చి కూర్చుంటుంది. మిశ్రమం సరిగా కుదిరిందో లేదో చూసే పాత పరీక్ష దీని మీద ఆధారపడినదే. బాగా తోమిన కొడవలి మొనను ఒక నిమిషం ముంచి తీయండి. మొన మీద ఎర్రటి పూత పడితే సున్నంతో కలవని రాగి ఇంకా మిగిలి ఉందన్నమాట. ఆకుకూ మాడే, మీ చర్మానికీ మంటే. పూత పడని దాకా సున్నపు నీళ్ళు కలపాలి. సున్నపు రాళ్ళు తడిపేటప్పుడు సలసలా పొంగి చిమ్ముతాయి కాబట్టి మొహం దూరంగా పెట్టి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, ముక్కూ నోరూ మూసే మాస్కు వాడండి. తడి తువ్వాలు చుట్టుకుంటే చాలదు, అది తుంపరను పీల్చి మూతికే అంటిపెడుతుంది. గాలికి ఎదురుగా కొట్టవద్దు. పని అయ్యాక సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతికించండి. డ్రమ్ము కడిగిన నీళ్ళు చెరువులోకో కాలువలోకో పోనివ్వవద్దు, చేపలు చావడానికి కొద్దిపాటి రాగి చాలు. పిచికారీ చేసిన తోటలో గొర్రెలను మేపనివ్వకండి. మేకకన్నా, ఆవుకన్నా గొర్రె రాగిని తట్టుకోలేదు. దాని కాలేయంలో నెలల తరబడి పేరుకుని ఉన్నట్టుండి ప్రాణం తీస్తుంది.

దాచే చోటు గురించి కఠినంగా చెప్పక తప్పదు. వసారాలో మూతి విప్పిన సంచి ఉండడమే మీ ఇంట్లో జరిగిన ప్రమాదానికి కారణం. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన పేరు రాసి, ఇంటికి బయట కొట్టంలో తాళం వేసి పెట్టండి. తాగునీటి సీసాలో, పచ్చడి జాడీలో పోయవద్దు. ఇంకొక చిక్కు ఉంది. మైలుతుత్తాన్ని వేడిచేస్తే అందులోని నీరు పోయి నీలం రంగు విరిగి తెల్లటి పొడి అవుతుంది, చూడడానికి అచ్చం పటికపొడిలా ఉంటుంది. నాటు మందుల కోసం ఇలా వేయించి దాచుకునే ఇళ్ళు ఉన్నాయి. పటికనుకుని దానితో పుక్కిలిస్తే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. అనుమానం వస్తే చిటికెడు పొడి మీద ఒక చుక్క నీరు వేయండి, నీలంగా తిరిగితే అది మైలుతుత్తమే. వాల్‌పోస్టర్లు అంటించేవారు పురుగు పట్టకుండా, పశువులు నాకకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. గిన్నెలో మిగిలిన ఆ జిగురు పిల్లలకు పిండిముద్దలాగే కనిపిస్తుంది. ఎన్నికల రోజుల్లో ఇది గుర్తు పెట్టుకోండి.

పుండ్లకు వాడవచ్చా అని అడిగారు. వాడకూడదు. పశువుల గిట్టలకు పలచటి ద్రావణం వాడడం వేరు, గిట్ట గట్టి కొమ్ములాంటిది, అక్కడినుంచి రక్తంలోకి పోయేది తక్కువ. మనిషి పుండు తెరిచిన తలుపు. భాస్వరంతో కాలిన గాయాలను ఒకప్పుడు సైనిక వైద్యంలో రాగి సల్ఫేట్ ద్రావణంతో కడిగేవారు. గాయం గుండా రాగి లోపలికి వెళ్ళి రక్తకణాలు పగిలిపోవడం చూశాక దాన్ని మానేశారు. చక్కెర జబ్బు ఉన్నవారి కాలిపుండు మీద మైలుతుత్తం అద్దుకుని, పైన ఎండిన చెక్కు చూసి మానిందనుకుని, కింద చీము పట్టాక వచ్చినవారిని నేను చూశాను. మీ పెద్దల మాటలో కొంత నిజం లేకపోలేదు, రాగి బూజును, సూక్ష్మక్రిములను చంపుతుంది. కానీ మన కణాలనూ వదలదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్నవారిలో, రాగిని బయటకు పంపలేని విల్సన్ జబ్బు ఉన్నవారిలో ఈ హాని మరింత ఎక్కువ.

మీరు ప్రస్తుతానికి రెండు వారాలు మందు కలిపే పని వేరొకరికి అప్పగించండి, వారికీ గ్లౌజులు ఇచ్చి. చేతులను గోరువెచ్చని నీటితో కడిగి, తడి ఆరకముందే వేసలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాయండి. దురద ఎక్కువగా ఉంటే చర్మవైద్యుడు వారం పది రోజులకు స్టెరాయిడ్ పూత మందు రాస్తారు. మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు కొనవద్దు. చేతులు మానిన తర్వాత, గ్లౌజులు వేసుకుని పనిచేసినా మళ్ళీ దద్దుర్లు వస్తే అది సున్నం ఒరిపిడి వల్ల వచ్చిన మంట కాక అలర్జీ అయి ఉండవచ్చు. ఆ అలర్జీ రాగికా, సున్నంలోని కల్తీలకా, లేక గ్లౌజుల్లోని రబ్బరుకేనా అన్నది అనుమానమున్న పదార్థాలను వీపు మీద అంటించి చూసే ప్యాచ్ టెస్టులో తేలుతుంది.