అమ్మాయికి ఒకటే నవ్వు, మాకేమో రాదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. సెలవుల్లో 'నెపోలియన్ డైనమైట్' అని ఏదో అమెరికా సినిమా పెట్టుకుని పడీపడీ నవ్వింది. కథ లేదు, జోకుల్లేవు, హీరో నోరు తెరుచుకుని తిరుగుతుంటాడు. మావారు పావుగంటకే లేచి చెరువు గట్టుకి పోయారు. నేను ఆఖరిదాకా చూశాను, ఒక్కసారీ నవ్వు రాలేదు. లోపం మాలో ఉందా, సినిమాలోనా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు దగ్గర

జవాబు: కంగారు పడకండి, ఈ సినిమా కంప్యూటర్లనే తికమక పెట్టింది. ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో తమకంటే పది శాతం మెరుగ్గా అంచనా కట్టినవాళ్లకి 10 లక్షల డాలర్లు ఇస్తామని నెట్‌ఫ్లిక్స్ 2006లో పోటీ పెట్టింది, 2009లో ఇచ్చింది కూడా. అందులో దిగినవాళ్లని బాగా ఏడిపించిన సినిమాల్లో ఇదొకటి. మిగతా అన్నిట్లో అభిరుచి కలిసినవాళ్లు కూడా దీని దగ్గరికొచ్చేసరికి ఒకరు నెత్తిన పెట్టుకుంటే ఇంకొకరు తిట్టిపోశారు. మీ ఇంట్లో జరిగిందీ అదే.

మనకి కామెడీ అంటే ఎక్కడ నవ్వాలో మ్యూజిక్కే చెప్పేస్తుంది. ఇందులో అది లేదు. జారెడ్ హెస్ అనే కుర్ర దర్శకుడు ఐడహో రాష్ట్రంలో తను చదువుకున్న ప్రెస్టన్ అనే చిన్న ఊళ్లోనే, సుమారు 4 లక్షల డాలర్లతో తీసి 2004లో విడుదల చేశాడు, అక్కడ కుర్రాడు ఎంత సీరియస్‌గా ఉంటాడో మనకి అంత నవ్వు రావాలి. మొహంలో గీత కదలకుండా "ఆయ్, తవరికి తెలీందేముందండి" అనే మన గోదావరి వెటకారం వింటూ పెరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు, కాకపోతే మన వెటకారగాడికి తను ఏం అంటున్నాడో తెలుసు, ఈ పిల్లాడికి తెలీదు. కోళ్ల ఫారంలో కూలికెళితే గంటకి డాలరు లెక్కన చిల్లర చేతిలో పోసి, తాగడానికి పచ్చి గుడ్ల సొన ఇస్తారు చూడండి, తణుకు, అనపర్తి వైపు ఫారాలు తెలిసినవాళ్లు అక్కడైనా నవ్వాలి.

మీకు నవ్వు రాకపోవడానికి నాకు తోచే కారణం ఒకటుంది. మీరు వాణ్ని తల్లిలా చూశారు, అయ్యో పాపం అనిపించింది. మీ అమ్మాయి తన క్లాసులో ఉన్నవాణ్ని చూసింది. నాకైతే ఆ కుర్రాడి మీద పెద్దగా నవ్వు రాలేదు, వాళ్ల బాబాయి రికో దగ్గర మాత్రం ఆపుకోలేకపోయాను. 1982లో కోచ్ తనని ఆడించి ఉంటే రాష్ట్రం కప్పు మాదే అని ఇప్పటికీ బంతి విసురుకుంటూ, దాన్ని తనే వీడియో తీసుకుంటూ ఉంటాడు. కబడ్డీకో వాలీబాల్‌కో అలాంటివాళ్లు మన ఊళ్లలో లేరంటారా?

'జూనో' (2007) కూడా చూడమని అడుగుతుందేమో. పదహారేళ్ల పిల్ల గర్భం కథ, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది. అందులో తల్లిదండ్రులు బాగుంటారు, ఆ పిల్ల మాటలే మరీ రాసుకొచ్చినట్టుంటాయి. కలిసి చూడండి, మాట్లాడుకోవడానికి పనికొస్తుంది.

అమ్మాయిని మాత్రం "ఇందులో నవ్వేందుకేముంది" అని అడక్కండి, చెప్పలేదు. "మీ కాలేజీలో ఇలాంటివాడు ఎవడే?" అని అడగండి. మీవారికైతే రికో సీన్లు చాలు.