సముద్రం కన్నా పల్లంలో ఊళ్లు: నెదర్లాండ్స్ ప్రయాణికుల ప్రశ్నలకు జవాబులు

నెదర్లాండ్స్ వెళ్లబోతున్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్ని.

ప్ర: మా అమ్మాయి ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఉంటోంది. అక్కడ ఎయిర్‌పోర్టే సముద్రం కన్నా కిందుందంట. మాకు తుఫాను పడితే కయ్యల్లో నీళ్లు పది రోజులైనా కదలవు. వాళ్ల నీళ్లు ఎట్టా పోతాయండీ? (కందుకూరు పాఠకుడు)

జ: అమ్మాయి చెప్పింది నిజమే. స్కిపోల్ విమానాశ్రయం సముద్ర మట్టానికి 3 మీటర్లకు పైగా దిగువన ఉంది. అది ఒకప్పుడు హార్లెమ్మెర్‌మేర్ అనే పెద్ద సరస్సు అడుగు. నీళ్లు అక్కడా వాటంతటవి పోవు, ఎత్తిపోయాల్సిందే. ముందు సరస్సు చుట్టూ కాలవ తవ్వి, ఆ మట్టితోనే కట్ట పోశారు. తర్వాత మూడు చోట్ల ఆవిరి యంత్రాలు పెట్టి సరస్సు నీళ్లను ఆ చుట్టు కాలవలోకి తోడారు. కాలవ ఆ నీళ్లను సముద్రం వైపు మోసుకుపోయింది. 1849లో మొదలైన ఈ తోడటం 1852 దాకా సాగింది. ఇలా పైకి తేలిన నేలను పోల్డర్ అంటారు. తోడటం అంతటితో అయిపోలేదు. వానా పడుతుంది, అడుగునుంచి ఊటా వస్తుంది. అందుకే పంపులు ఈ రోజుకీ తిరుగుతూనే ఉన్నాయి.

పల్లెల వైపు వెళ్తే రెండు పొలాల మధ్య గెనిమకు బదులు సన్నటి కాలవ కనిపిస్తుంది. హద్దూ అదే, మురుగు కాలవా అదే, ఆవులు దాటిపోకుండా కంచే అదే. పోల్డర్ అంచున రోడ్డు మీద నిలబడితే చుట్టు కాలవలో పోయే పడవ మన తల కన్నా ఎత్తులో కనిపిస్తుంది. మ్యూజియం ఒకటి తగ్గినా పరవాలేదు, ఇది మాత్రం చూసి రండి.

ఆవిరి రాకముందు ఈ పని గాలిమరలది. ఒక మర తెడ్ల చక్రంతో నీటిని ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా ఎత్తగలదు, అంతే. పల్లం ఎక్కువైతే మరల్ని మెట్లలా వరసగా కట్టి, ఒకటి ఎత్తిన నీళ్లను ఇంకొకటి అందుకునేట్టు చేశారు. ఏతాం తొక్కించిన రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కిండర్‌డైక్‌లో 1740 ప్రాంతంలో కట్టిన వాటితో కలిపి 19 మరలున్నాయి. రోటర్‌డామ్ నుంచి పడవలో వెళ్లొచ్చు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. అక్కడ చాలా చోట్ల నేల పీట్, అంటే మొక్కలు సగం కుళ్లి పేరుకున్న నల్లమట్టి. నీళ్లు తోడేస్తే దానికి గాలి తగిలి మిగతాదీ కుళ్లుతుంది, నేల కుంగుతుంది. కుంగితే ఇంకా తోడాలి. ఆమ్‌స్టర్‌డామ్ పాత ఇళ్ల కథ కూడా ఇలాంటిదే. అవి నేలలోకి దింపిన కొయ్య దుంగల మీద నిలబడ్డాయి. దుంగలు నీళ్లలో మునిగున్నంత కాలం చెక్కుచెదరవు. భూగర్భ నీరు తగ్గి తలలు బయటపడితే బూజు పట్టి ఇల్లు ఒరుగుతుంది.

1977 ఉప్పెన తెలిసిన మన తీరం వాళ్లకు ఇంకో సంగతి వెంటనే అర్థమవుతుంది. 1953 ఫిబ్రవరి 1 వేకువన తుఫానుకు కట్టలు తెగి అక్కడ 1,836 మంది పోయారు. ఆ తర్వాతే సముద్రాన్ని ఆపే కట్టలు, తలుపులు కట్టే డెల్టా పనులు మొదలుపెట్టారు. రోటర్‌డామ్ వైపు ఓడలు పోయే నీటిదారికి అడ్డంగా 1997లో పూర్తయిన మాస్లాంట్ తలుపులు రెండూ ఒక్కోటి 210 మీటర్ల పొడవు. సముద్రం పొంగినప్పుడు కంప్యూటరే వాటిని మూసేస్తుంది.

ప్ర: అబ్బాయి దగ్గరికి ఏప్రిల్‌లో ఇద్దరం వెళ్తున్నాం. ట్యులిప్ పూలు ఉంటాయా? రైలు టికెట్టు ఎక్కడ తీసుకోవాలి? (కావలి పాఠకురాలు)

జ: లిస్సెలోని కూకెన్‌హోఫ్ తోట మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా తెరిచి ఉంటుంది. ఏప్రిల్ నడిమి రెండు వారాలు నమ్మకమైన రోజులు. చలి వదలకపోతే పూత వెనకబడుతుంది. టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. బయటి పొలాల్లో మాత్రం రైతుకు కావాల్సింది పువ్వు కాదు, గడ్డ. పువ్వు విచ్చాక జబ్బు మొక్కలు ఏరేసి, సారమంతా గడ్డకు దిగాలని యంత్రంతో తలలు కోసేస్తారు. నిన్న ఎర్రగా ఉన్న పొలం ఇవాళ పచ్చగా ఉంటే ఆశ్చర్యపోకండి. ఫొటో కోసం వరసల్లోకి దిగొద్దు. చెప్పులతో తెగుళ్లు పొలానికి పాకుతాయి.

రైలుకు టికెట్టు లేకపోయినా కాంటాక్ట్‌లెస్, అంటే తాకిస్తే డబ్బు కట్టే వీసా లేదా మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డు చాలు. ఎక్కేముందు గేటు దగ్గర తాకించాలి, దిగాక మళ్లీ అదే కార్డు తాకించాలి. మరిచిపోతే డబ్బులు ఎక్కువ పోతాయి. ఇద్దరికి రెండు కార్డులు కావాలి. ఒకే కార్డును ఎక్కేటప్పుడు ఫోన్‌తో, దిగేటప్పుడు అసలు కార్డుతో తాకించినా రెండు వేరే కార్డుల కింద లెక్క. బయల్దేరకముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి.

ప్ర: అద్దె సైకిల్ తొక్కొచ్చా? ఒంగోల్లో రోజూ తొక్కుతాను.

జ: తొక్కొచ్చు, కానీ బ్రేకు సంగతి తెలుసుకోండి. చాలా సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితేనే బ్రేకు. మనం ఊరికే పెడల్ వెనక్కి తిప్పి కాలు సర్దుకునే అలవాటుంది. అక్కడ అలా చేస్తే బండి ఉన్నపళాన ఆగి వెనకవాళ్లు గుద్దుతారు. పైగా ఆగాక పెడల్ వెనక్కి తిరగదు కాబట్టి, ఆగేముందే ఒక పెడల్ పైకి ఉండేట్టు చూసుకోండి. మళ్లీ బయల్దేరడం తేలికవుతుంది. ట్రామ్ పట్టాల గాడిలో చక్రం ఇరుక్కుంటే పడటం ఖాయం, పట్టాలను అడ్డంగా దాటండి. రోడ్డు మీది తెల్ల త్రికోణాల మొనలు మీ వైపుంటే ఆగి దారివ్వాల్సింది మీరే. కుడి వైపున తొక్కాలి, రాత్రి ముందూ వెనకా లైటుండాలి, ఫోన్ చేతిలో పట్టుకుంటే జరిమానా. నడిచేటప్పుడు ఎర్ర దారిలో నిలబడకండి, అది సైకిళ్లది.

ప్ర: పుట్టినరోజుకు పిలిస్తే ఏం చేయాలి?

జ: చెప్పిన టైముకే వెళ్లండి. పుట్టినరోజు ఎవరిదో వాళ్లకే కాక, ఇంట్లో అందరికీ శుభాకాంక్షలు చెప్పాలి. కాఫీ, ఒక కేకు ముక్క ఇస్తారు. భోజనానికి ప్రత్యేకంగా పిలవకపోతే అక్కడ భోజనం ఉంటుందనుకోవద్దు.

ప్ర: పచ్చి చేప తింటారట, నిజమా? (కొత్తపట్నం పాఠకుడు)

జ: పూర్తిగా పచ్చిది కాదు. వాళ్లు తినేది హెరింగ్ అనే చేప, మన కవళ్లకు చుట్టం. మొప్పలూ పేగుల్లో కొంతా తీసేసి, క్లోమం లోపలే ఉంచి ఉప్పులో పెడతారు. ఆ క్లోమంలోని రసాలే కండను మెత్తగా మాగబెడతాయి. పురుగులు చావాలని గడ్డకట్టించి గానీ అమ్మరు. కొత్త సరుకు జూన్‌లో దిగుతుంది, ఉల్లిపాయ ముక్కలతో తింటారు. చేపల పులుసు అలవాటైన నోటికి మొదట ఇది జారుడుగా అనిపిస్తుంది. హెరింగ్ అమ్మే బండి మీదే పిండిలో ముంచి వేయించిన చేప ముక్కలు దొరుకుతాయి, కిబ్బెలింగ్ అని అడగండి.