బంతి చేయి వదలడం లేదు

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఎడమచేతి స్పిన్నర్. జిల్లా అండర్-19 జట్టుకు ఆడాడు. ఆ మధ్య సెలెక్టర్లు చూస్తున్న మ్యాచ్‌లో వరుసగా వైడ్లు వేశాడు. అప్పటి నుంచి బంతి అయితే వాడి కాళ్ల ముందే పడుతోంది, లేదంటే బ్యాట్స్‌మన్ తల మీదుగా పోతోంది. కోచ్ గ్రిప్ మార్పించారు, రనప్ మార్పించారు. మావారు రోజూ ఫోనులో వీడియో తీసి, రాత్రి భోజనాలయ్యాక ఒక్కో బంతినీ ఆపి ఆపి చూపిస్తారు. ‘ఇది ఉత్త భయం’ అంటారు. అత్తయ్యగారు దిష్టి తీశారు. వాడేమో తెల్లారకముందే గ్రౌండుకు వెళ్లిపోతున్నాడు. వచ్చే నెల మళ్లీ సెలెక్షన్లు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ ఇంట్లో ఇప్పటివరకు జరిగిన వైద్యాల్లో అబ్బాయికి హాని చేయనిది దిష్టి తీయడం ఒక్కటే. కనీసం అది మణికట్టు కోణం గురించి మాట్లాడదు.

మీరు జడ అల్లేటప్పుడు కళ్లు టీవీ మీదున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఏ పాయ ఏ పాయ మీదుగా వెళుతోందో ఒక్కసారి గమనిస్తూ అల్లి చూడండి, తడబడతారు. మీ అబ్బాయికి జరిగింది ఇదే. ఆ మ్యాచ్‌లో నాలుగు బంతులు గతి తప్పగానే, ఏళ్ల సాధనతో చేతికి అప్పగించిన పనిని మెదడు మళ్లీ తన చేతిలోకి తీసుకుంది. వేళ్లు ఎప్పుడు వదలాలో ఆలోచించి నిర్ణయించేలోపే ఆ క్షణం దాటిపోతుంది. క్రీడాకారులు దీన్ని ‘యిప్స్’ అంటారు. పిరికివాళ్లకు వచ్చే జబ్బు కాదిది. 2001లో లార్డ్స్‌లో జరిగిన ఇంగ్లండ్ కౌంటీ జట్ల ఫైనల్లో స్కాట్ బోస్వెల్ అనే బౌలర్ వైడ్ల మీద వైడ్లు వేసి ఒక ఓవర్ పూర్తి చేయడానికి 14 బంతులు తీసుకున్నాడు. టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాలిలో తిరుగుతుండగా తానెక్కడ ఉన్నదీ తెలియక పోటీల మధ్యలో తప్పుకుంది. ఆమెను పిరికిదని ఎవరనగలరు?

అందుకే వీడియో ఈ రోజే ఆపించండి. మీవారికి కొడుకు మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే ఆ తాపత్రయం. కానీ ఒక్కో బంతినీ ఆపి చూపించడమంటే, ఏ ఆలోచన వల్ల చేయి బిగుసుకుంటోందో దాన్నే రాత్రిపూట మళ్లీ నేర్పించడం. గ్రిప్పు, రనప్పు మార్చడమూ అంతే. కోచ్‌తో మీవారే మాట్లాడి, పాత గ్రిప్పు, పాత రనప్పులకే తిరిగి వెళ్లనివ్వమని అడగాలి. అబ్బాయి ఇంటికి రాగానే ‘ఈ రోజు ఎలా పడింది?’ అన్న ప్రశ్న ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

ముందుగా ఒక పరీక్ష అవసరం. బంతి పట్టుకున్నప్పుడు మాత్రమే వేళ్లు వాటంతటవే ముడుచుకుపోవడం, మణికట్టు మెలిపడడం ఉంటే న్యూరాలజిస్టుకు చూపించండి. కొందరిలో ఇది నరాల వైపు నుంచి కూడా వస్తుంది. భుజం నొప్పి ఉంటే ఎముకల డాక్టరును కలవండి.

తెల్లవారుజాము సాధన కొన్ని వారాలు మానాలి. చెడిన బంతినే వందలసార్లు వేస్తే చెడు అలవాటే గట్టిపడుతుంది. బ్యాటింగ్, ఫీల్డింగ్ చేసుకోనివ్వండి. జట్టుకు దూరమైతే ఇంకా కుంగిపోతాడు. తరువాత చిన్నగా మొదలుపెట్టాలి. బ్యాట్స్‌మన్ ఉండకూడదు, చూసేవాళ్లు ఉండకూడదు. నిలబడిన చోటి నుంచే, టెన్నిస్ బంతితో, సగం దూరానికి. పిచ్ మీద ఒక పాత చెప్పు పెట్టి దానికి తగిలించమనండి. చూపు చెప్పు మీద ఉన్నంతసేపు ధ్యాస మణికట్టు మీదికి పోదు. అది కుదిరాక అసలు బంతి, పూర్తి దూరం, ఆపైన ఒక స్నేహితుడు బ్యాట్‌తో. చివరగా స్నేహపూర్వక మ్యాచ్‌లో ఒకే ఒక్క ఓవర్, అదీ కెప్టెన్‌కు విషయం ముందే చెప్పి. ఏ మెట్టు మీద చేయి బిగుసుకుంటే ఒక మెట్టు దిగడమే, దానికి సంజాయిషీ అక్కర్లేదు. క్రీడాకారులతో పనిచేసే సైకాలజిస్టు దొరికితే మంచిదే, దొరక్కపోతే ఆందోళనకు చికిత్స చేసే మామూలు సైకాలజిస్టయినా చాలు. నిద్ర పట్టడం లేదనో, తినడం లేదనో, ‘నా బతుకింతే’ అంటున్నాడనో అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

అందరికీ పాత బౌలింగ్ తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను. ఆ ఫైనల్ తరువాత బోస్వెల్ కౌంటీ కెరీర్ కోలుకోలేదు. బైల్స్ మాత్రం అదే టోక్యోలో సన్నటి దూలం మీద చేసే ‘బీమ్’ పోటీలో, చివర గాలిలో మెలికలు తిరగకుండా దూకి కాంస్యం తెచ్చుకుని, 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. తనకు చేతనైన చిన్న పని దగ్గర మళ్లీ మొదలుపెట్టడానికి ఆమె సిగ్గుపడలేదు.

వచ్చే నెల సెలెక్షన్లకు బౌలర్‌గా పంపకండి. ఏడాది పోతుందని మీవారు బాధపడితే శ్రీలంక బౌలర్ రంగన హెరాత్ సంగతి గుర్తుచేయండి. ఆయనా ఎడమచేతి స్పిన్నరే. 433 టెస్టు వికెట్లలో ఎక్కువ భాగం ముప్పై ఏళ్లు దాటాకే తీశాడు.