రుమటాయిడ్ తగ్గాక ముందు ఏ మందు ఆపాలి?

ప్రశ్న: "రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి మెథోట్రెక్సేట్ వారానికి 15 మి.గ్రా., ప్రెడ్నిసొలోన్ రోజుకి 5 మి.గ్రా. వాడుతున్నాను. ఏడాదిగా నొప్పి లేదు. మందులన్నీ ఆపేయొచ్చా?"

అన్నీ ఒకేసారి మాత్రం ఆపకండి. తగ్గించుకునే వీలు చాలామందికి ఉంటుంది, కానీ "ఆపొచ్చా" అని అడిగేముందు "ఏది ముందు" అన్నది తేల్చుకోవాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లివర్ పాడవుతుందనీ జుట్టు ఊడుతుందనీ భయపడి మెథోట్రెక్సేట్ మానేస్తారు. స్టెరాయిడ్‌ని (మీ ప్రెడ్నిసొలోన్ అదే) మాత్రం "చిన్న మాత్రే కదా, దీనితోనే హాయిగా ఉంది" అని ఏళ్ల తరబడి మింగుతారు. ఇది పూర్తిగా తలకిందుల పని. కీళ్లు అరిగిపోకుండా ఏళ్లపాటు కాపాడేది మెథోట్రెక్సేట్. చిన్న డోసు స్టెరాయిడ్ అయినా ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది, కళ్లలో శుక్లాలు వస్తాయి. కాబట్టి రోజువారీ నొప్పి మాత్రలు మొదట పోవాలి, తర్వాత స్టెరాయిడ్, బయోలాజిక్ ఇంజెక్షన్లు (జీవకణాలతో తయారుచేసే ఖరీదైన మందులు) ఉంటే ఆ తర్వాత అవి. మెథోట్రెక్సేట్ వంతు అన్నిటికన్నా చివర.

నొప్పి లేనంత మాత్రాన రెమిషన్ (జబ్బు పూర్తిగా అణిగి ఉన్న స్థితి) అనుకోకూడదు. డాక్టరు 28 కీళ్లు నొక్కి చూసినప్పుడు వాచినది ఒకటికి మించకూడదు, నొక్కితే నొప్పి పుట్టేది ఒకటికి మించకూడదు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష సీఆర్‌పీ డెసిలీటరుకి 1 మి.గ్రా. దాటకూడదు. మీ ల్యాబు లీటరు లెక్కన ఇస్తుంటే ఆ అంకె 10. జబ్బు ఎంత బాధపెడుతోందో పదికి మీరు వేసుకునే మార్కు 2 లోపు ఉండాలి. 2022కి ముందు ఇది 1గా ఉండేది. ఇదంతా స్టెరాయిడ్ లేకుండా కనీసం ఆరు నెలలు నిలబడ్డాకే మిగతా మందుల సంగతి. ఇక్కడో మెలిక ఉంది. ఆ 28 కీళ్లలో పాదాలు లేవు! జబ్బు అరికాలి ముందుభాగంలో నక్కి ఉన్నా స్కోరు చక్కగా వస్తుంది. చెప్పులు విప్పి పాదాలు కూడా నొక్కి చూడమని అడగండి. వీలైతే పవర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ చేయించుకోండి, చేతికి తెలియని వాపు అందులో బయటపడుతుంది.

ఆర్‌ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్) పరీక్ష మూడు నెలలకోసారి చేయించుకుని, అంకె తగ్గిందని మందు మానేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. జబ్బు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఆర్‌ఎఫ్ గాని, రుమటాయిడ్‌ని గుర్తించడానికి చేసే ఇంకో రక్తపరీక్ష యాంటీ సీసీపీ గాని చెప్పవు. యాంటీ సీసీపీ పాజిటివ్ అయితే మందు ఆపాక జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని మాత్రం చెబుతుంది. ఎక్స్‌రేలో ఎముక కొరుక్కుపోయినట్టు కనిపిస్తున్నవాళ్లు, జబ్బు మొదలై చాలా ఏళ్లయినవాళ్లు, ఇంతకుముందు తగ్గించబోయి దెబ్బతిన్నవాళ్లు మెథోట్రెక్సేట్ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

స్టెరాయిడ్ మెట్లు ఇలా: 5 నుంచి 4, 3, 2, 1, సున్నా. ఒక్కో మెట్టు మీద నాలుగు వారాలు. హఠాత్తుగా ఆపితే, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి వెంటనే అందుకోలేదు. నీరసం, కళ్లు తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం కనిపిస్తే అదే రోజు డాక్టరుని కలవాలి. డోసు దించిన కొన్నాళ్లు ఒళ్లంతా నొప్పులుంటాయి. వాపు లేకుండా ఒళ్లునొప్పులే అయితే అవి చాలావరకు స్టెరాయిడ్ తగ్గినందువల్ల వచ్చేవే, ఓపిక పట్టొచ్చు. కీలు ఉబ్బితే మాత్రం జబ్బే.

ఇక మెథోట్రెక్సేట్. జర్మనీలో జరిగిన 'రెట్రో' అనే అధ్యయనం 2021లో ఇచ్చిన ఫలితం ఇది: ఏడాది తర్వాత కూడా రెమిషన్‌లో నిలిచినవాళ్లు, మందులు అలాగే కొనసాగించినవాళ్లలో 81 శాతం, సగానికి తగ్గించినవాళ్లలో 59, సగం చేసి ఆర్నెల్లకి ఆపేసినవాళ్లలో 43.

ఆపేశాక ఏం జరుగుతుందో తెలిస్తే మోసపోరు. మొదటి నెల ఏమీ కాదు సరికదా, ఇంకా బాగుంటుంది. మాత్ర వేసుకున్న మర్నాటి వికారం ఉండదు కదా. మందు కణాల్లో వారాల తరబడి నిల్వ ఉంటుంది, ఆ నిల్వే కాపాడుతుంటుంది. "చూశారా, మందు అక్కర్లేదు" అనుకునేది అప్పుడే. రెండో నెలలోనో మూడో నెలలోనో ఉంగరం బిగుతవుతుంది. పొద్దున్నే పిడికిలి పూర్తిగా మూసుకోదు, మంచం దిగి మొదటి నాలుగడుగులు వేస్తే అరికాలు పోటు పెడుతుంది. పని ఎక్కువైందనో చలి అనో సరిపెట్టుకుని నొప్పి మాత్ర వేసుకుంటారు. మణికట్లు ఉబ్బి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఇంకో నెల గడిచిపోతుంది. మళ్లీ మొదలుపెట్టిన మెథోట్రెక్సేట్ పట్టు దొరకడానికి ఇంకో 6 నుంచి 12 వారాలు. చాలామంది మళ్లీ కోలుకుంటారు, కానీ ఈలోగా కొరుక్కుపోయిన ఎముక తిరిగి రాదు.

అందుకే తగ్గిస్తే మెట్టుకి 2.5 మి.గ్రా. చొప్పున, ఒక్కో మెట్టు మీద మూడు నెలలు. 15, 12.5, 10, ఇలా. 7.5 దగ్గర ఆగిపోయి ఏళ్లు గడిపినా తప్పు లేదు, సున్నాకి చేరి తీరాలన్న పట్టుదల వద్దు. డోసు మారిన ప్రతిసారీ స్ట్రిప్పు మీద 2.5 అనుందో 7.5 అనుందో 10 అనుందో చదవండి. వారానికోసారి వేసుకోవాల్సింది పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికొస్తుంది. మెథోట్రెక్సేట్ ఉన్నన్నాళ్లూ ఫోలిక్ యాసిడ్ ఉండాలి, సీబీపీ (రక్తకణాలు), ఎల్‌ఎఫ్‌టీ (లివర్), క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షలు మానకూడదు.

పిల్లల కోసం ప్రయత్నించే ఆడవాళ్ల లెక్క వేరు. మెథోట్రెక్సేట్, రుమటాయిడ్‌కే ఇచ్చే ఇంకో మందు లెఫ్లునమైడ్ గర్భానికి ముందే ఆపాలి, రెమిషన్ ఉన్నా లేకపోయినా. ఇదే జబ్బుకి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫసలజీన్ కొనసాగించవచ్చు.

తగ్గించడం మొదలుపెట్టే రోజున రెండు చేతులూ బల్ల మీద చాచి ఫోటో తీసి పెట్టుకోండి, పిడికిలి బిగించి ఇంకోటి. నెలకోసారి అదే వెలుతురులో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. వాపు గాని, పొద్దుటి బిగుతు గాని వారం దాటి ఉంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకి చెప్పి, చివరిసారి ఏ డోసులో బాగున్నారో దానికి వెనక్కి వెళ్లండి.